వెనక సీటు బరువు

చిన్న కారైతేనే తక్కువ తాగుతుందని నీకెవరు చెప్పారే? మొన్న పూణే నుంచి ఫోను చేసి, "అమ్మమ్మా, నాన్న కారు కొంటాడంట. చిన్నది కొనాలా, పెద్దది కొనాలా? ఏది ఎక్కువ మైలేజీ ఇస్తుంది?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపల నీ తమ్ముడు ఫోను లాక్కుని క్రికెట్ సంగతి మొదలుపెట్టాడు. అందుకని నిదానంగా రాస్తున్నాను.

చిన్న కారును చిన్న కారుతోనే పోల్చాలి. పెద్దదాన్ని పెద్దదానితో, జీపును జీపుతో. మేకను తెచ్చి ఏనుగు పక్కన నిలబెట్టి, ఎవరు తక్కువ తింటారని అడిగితే ఏం లాభం? మనకు ఏనుగే కావాల్సివస్తే, ఏనుగుల్లో తక్కువ తినేది ఏదో చూసుకోవాలి. అది మొదటి మాట. రెండో మాట, అందులో రోజూ ఎంతమంది కూర్చుంటారో లెక్కపెట్టుకోండి. బండి మోసేది మనుషుల్ని కాబట్టి, ఖర్చును మనుషులతో భాగించాలి.

ఈ రెండో మాట నేను నేర్చుకున్న తీరు మీ అమ్మకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీరు పెద్దవాళ్లయ్యారు కదా, వినండి. ఇందులో ఎవరి పేరూ చెప్పను. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఇబ్బంది. ఒకరి పేరు మాత్రం చెప్పాలన్నా నాకు తెలియదు.

మద్రాసును చెన్నై అనడం నాలుకకు ఇంకా అలవాటు కాని రోజులవి. నేను ఊరికి ఉత్తరాన ఉన్న మనలిలో, రంగుల్లో కలిపే మందులు తయారుచేసే ఒక కంపెనీలో బళ్ల సెక్షన్ చూసేదాన్ని. ఏ ఆఫీసరుకు ఏ కారు పంపాలి, ఏ బండికి టైర్లు మార్చాలి, ఎవరు ఎంత డీజిల్ పోయించుకున్నారు, ఇదీ నా పని. మాధవరం నుంచి పొద్దున్నే బయల్దేరితే, మా పక్కనే ఉన్న నూనె రిఫైనరీ గొట్టం మీద ఆరకుండా మండే మంట దూరం నుంచే కనిపించేది. వానాకాలంలో మబ్బు కిందికి దిగినప్పుడు ఆ మంట కనిపించదు, మబ్బే ఎర్రగా కనిపిస్తుంది. ఎన్నేళ్లు చూసినా ఆ ఎరుపు నాకు అలవాటు కాలేదు.

ఆ ఏడాది మాకు కొత్త మేనేజరు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. మంచివాడే, కానీ వచ్చిన వారానికే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏవండీ, మన బళ్లు రోడ్డు మీద నడుస్తున్నాయా, బంకులోనే కాపురం పెట్టాయా? ఈ ఖర్చేంటండీ బాబూ!"

"పాత బళ్లు సార్."

"పాతవైతే తీసేద్దాం. ఇప్పుడు బజార్లో బోలెడు రకాలొస్తున్నాయి. చిన్న కార్లలో ఏది నయమో, పెద్దవాటిలో ఏది నయమో, జీపుల్లో, వ్యానుల్లో ఏది నయమో పరీక్ష చేసి చెప్పండి. నయమైనవి ఉంచుకుందాం. మిగిలినవి పాత ఇనుముకి ఇచ్చేద్దాం."

ఆ పరీక్ష నాకూ మా మెకానిక్కుకూ అప్పగించాడు. మెకానిక్కుది తమిళ ఇల్లు. షెడ్డులో మావాళ్లతో తిరిగి తెలుగు నేర్చుకున్నాడు, తిట్లు ముందు, మాటలు తర్వాత. నన్ను అక్కా అనేవాడు. ప్రపంచంలో దేన్నయినా వెక్కిరించగలడు.

పరీక్ష చాలా మామూలుది. పెట్రోలు కారుకైతే ట్యాంకు గొట్టం ఊడదీసి, లీటరు సీసా తగిలించి, ఎన్నూరు రోడ్డు మీద అది ఆగిపోయేదాకా తోలడమే. డీజిల్ బండిని అలా ఎండగట్టకూడదు, గొట్టాల్లో గాలి పడుతుంది. అందుకని దానికి మూతి దాకా నింపి, తోలి, మళ్లీ మూతి దాకా నింపి చూస్తాం. బండిలో మనుషులకు బదులు సీటుకొక ఇసుక మూట. మనుషులైతే మధ్యలో టీ కావాలంటారు, మూటలు అడగవు.

మొదట్లో అన్నీ నవ్వుకునే తప్పులే చేశాం. ఒక కారుకు గాలి నింపకుండానే పంపించి, అది తాగుబోతని తీర్పు చెప్పేశాం. అతిథుల కోసం ఉంచిన పెద్ద కారు డ్రైవరైతే వంతెన దిగేటప్పుడల్లా ఇంజను ఆపేసి జారుకుంటూ వచ్చాడట. లెక్క చూస్తే ఆ బొద్దు కారు చిన్న కారును మించిపోయింది.

మెకానిక్కు దాని బానెట్టు మీద తట్టి, "అక్కా, ఇది కారు లేదు, కల్యాణ మండపం. మండపం ఇంత మైలేజీ ఇస్తుందా? వీణ్ణి నమ్మొద్దు," అన్నాడు.

డ్రైవరు తలకాయ గోక్కుని, "బండి పోతే నేనూ పోతాను గదక్కా," అన్నాడు. మేనేజరు ఏ డ్రైవరునూ తీసెయ్యనని, కొత్త బళ్లు వాళ్లకే ఇస్తానని మాటిచ్చాక గానీ వాళ్లు సక్రమంగా తోలలేదు.

చిన్న కార్లు తేలాయి, పెద్దవి తేలాయి, జీపు కూడా తేలింది. చివరికి వ్యాను మిగిలింది.

అది షిఫ్టు వాళ్లను మాధవరం పాల కాలనీ నుంచి తెచ్చి, తిరిగి దింపే డీజిల్ వ్యాను. మా మావయ్య వయసుండే డ్రైవరు దాన్ని తోలేవాడు. తరతరాలుగా మద్రాసులోనే ఉండిపోయిన తెలుగు కుటుంబం వాళ్లది. మెత్తటి మనిషి. శుక్రవారం శుక్రవారం డ్రైవర్లందరూ బండి ముందు కర్పూరం వెలిగించి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాళ్లు. ఈయన మాత్రం ముందొకటి వెలిగించి, వెనక తలుపు దగ్గర ఇంకొకటి వెలిగించేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఎవరి భక్తి వాళ్లది అనుకునేదాన్ని.

ఆ వ్యాను పరీక్షలో ఘోరంగా తప్పింది. మాధవరంలో తెలిసినవాళ్ల కంపెనీలో అదే రకం, అదే వయసు వ్యాను ఉంటే అడిగి తెచ్చి, అదే రోడ్డు మీద, అవే మూటలతో, ఈయన చేతే తోలించాం. ఆ బండి చక్కగా వెళ్లింది. మాది మాత్రం గుటకలు వేసింది. మెకానిక్కు పంపు చూశాడు, బ్రేకులు పట్టుకుంటున్నాయేమో చూశాడు, చక్రాలు ఒక్కొక్కటే లేపి తిప్పి చూశాడు. ఏ తప్పూ లేదు.

"ఏమక్కా, ఇంజను బాగుండాది. మరి తినేదంతా ఏడికి పోతా ఉండాది? కడుపుతో ఉందేమో," అన్నాడు.

ఒక సంగతి మాత్రం అప్పుడే చూశాను. ట్రయల్ నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక మూట కింద పడి ఉండేది. అన్నీ కాదు, ఎప్పుడూ అదొక్కటే. వెనక వరసలో కిటికీ పక్కది. తాడు వేసి కట్టినా ముడి విప్పినట్టు తాడు సీటు మీద ఉండేది, మూట నేల మీద ఉండేది.

మేనేజరుకు నా లెక్క చెప్పాను. "సార్, వ్యాను లీటరుకు తక్కువే పోతుంది. కానీ నిండా మనుషులుంటారు. తలకు ఇంత అని చూస్తే అన్నిటికంటే అదే నయం కావచ్చు."

ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు. "బాగుందండీ! ఇది నాకు తట్టలేదు. అయితే నిజంగా ఎంతమంది ఎక్కుతున్నారో చూసి చెప్పండి. సీట్లు లెక్కపెట్టకండి, తలకాయలు లెక్కపెట్టండి."

మర్నాడు పొద్దున నేను కూడా పాల కాలనీలో ఆ వ్యానెక్కాను. ముసురు. అద్దాలన్నీ మూసేసి ఉన్నాయి. లోపల తడి గుడ్డల వాసన, మల్లెపూల వాసన, ఎవరి డబ్బాలోనుంచో పులిహోర వాసన. ముగ్గురు కూర్చునే చోట నలుగురు ఇరుక్కున్నారు. ఇద్దరు తలుపు దగ్గర వంగి నిలబడ్డారు. అందరూ మాట్లాడుకుంటున్నారు, ఒకరినొకరు తోసుకుంటున్నారు. అంత ఇరుకులోనూ వెనక వరసలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

నేను లేచి అటు వెళ్లబోయాను. క్యాంటీన్‌లో వండే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆడ వద్దక్కా. తడిగా ఉంటది."

వంగి ఆ సీటు తడిమి చూశాను. ఎండినట్టే ఉంది. గోరువెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచిపోతే ఉండే వెచ్చదనం.

"పొడిగానే ఉంది గదమ్మా," అన్నాను.

ఆవిడ కిటికీలోకి చూస్తూ, "ఈడ సర్దుకో అక్కా. ఇంకొంచెం జరుగుతాం," అంది. అటూ ఇటూ ఉన్న నలుగురూ జరిగారు. వ్యానులో మాటలు ఆగిపోయాయి. నేను కూర్చున్నాక మళ్లీ మొదలయ్యాయి. డ్రైవరు అద్దంలోనుంచి నన్ను చూశాడు.

ఆ రోజే మెకానిక్కుతో అన్నాను, బండిని ఒకసారి తూచి చూద్దామని. మా ఫ్యాక్టరీ గేటు పక్కనే ట్యాంకర్లను తూచే కాటా ఉంది. నేలలో పరిచిన పెద్ద ఇనప పలక, పక్కన అద్దాల గది. ఏ బండికైనా ఖాళీగా ఎంత బరువుండాలో దాని పక్క రేకు మీదే తెల్ల రంగుతో రాసి ఉంటుంది కదా. రాసిన బరువుకూ ఉన్న బరువుకూ తేడా చూస్తే సరిపోతుంది. ఏదైనా ఇనుము అదనంగా వేలాడుతోందేమోనని నా అనుమానం.

మధ్యాహ్నం. వాన తగ్గలేదు. పొగ పైకి పోలేక నేల మీదే పాకుతోంది. డ్రైవరు బండిని పలక మీద నిలబెట్టి, దిగి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు. నేనూ మెకానిక్కూ ఒకే గొడుగు కింద ఉన్నాం. అద్దాల గదిలో ముల్లు చూసే ముసలాయన కిటికీ తీసి, తల బయటపెట్టి అరిచాడు.

"ఉళ్ళ యారో ఇరుక్కాంగ. ఎరంగ సొల్లుంగ!"

లోపల ఎవరో ఉన్నారు, దిగమనండి అని. ఆయన తప్పేం లేదు. లారీ క్లీనర్లు లోపల పడి నిద్రపోతుంటారు, రోజూ పదిసార్లు అదే అరుస్తాడు. మెకానిక్కు వెళ్లి తలుపు తీసి, వంగి సీట్ల కింద కూడా చూసి వచ్చాడు.

"ఎవరూ లేదు తాతా!"

"అప్పో ఎన్న? మరి ఇదేంది? ఒక మనిషి బరువు ఎక్కువ చూపిస్తా ఉంది. వేళాకోళమా? దిగమను."

మెకానిక్కు నా వైపు చూశాడు. నవ్వబోయి, మానుకున్నాడు.

ఆ సాయంత్రమంతా ఆ బండి విప్పాం. సీట్లన్నీ ఊడదీసి స్టోరు త్రాసులో విడిగా తూచాం. స్టెప్నీ, జాకీ, పనిముట్ల పెట్టె, కింద పరిచిన రబ్బరు పట్టా, అన్నీ తీశాం. వట్టి డొల్లను మళ్లీ పలక మీదికి తోశాం. తీసినవన్నీ కలిపి చూస్తే మళ్లీ అదే తేడా. సన్నపాటి మనిషంత. వెనక, కిటికీ వైపు చక్రం మీది స్ప్రింగు పట్టీలు కొంచెం కిందికి వంగి ఉన్నాయి. ఎవరో ఆ మూల కూర్చున్నట్టు.

మర్నాడు మధ్యాహ్నానికి మేనేజరుకు ఓపిక అయిపోయింది. "ఏవండీ, తలకాయలూ వద్దు, లెక్కలూ వద్దు. కొత్త వ్యాను కొంటాం. పాత ఇనుము వాళ్లకి కబురు పెట్టాను, రేపు పొద్దున్న లారీ వస్తుంది," అన్నాడు. ఆ లారీ వాళ్లు బండిని మా ఆవరణలోనే గ్యాసు మంటతో ముక్కలు కోసి పట్టుకుపోతారు. అదే పద్ధతి.

ఈ మాట డ్రైవరుకు చెబుదామని షెడ్డుకు వెళ్లాను. కొత్త బండి ఆయనకేనని ముందే చెప్పాను, సంతోషిస్తాడనుకున్నాను. ఆయన సీట్లు లేని వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. విని, రెండు చేతులూ జోడించాడు.

"కొయ్యొద్దని చెప్పమ్మా. నువ్వు చెప్తే ఇంటాడు."

"ఏందన్నా ఇది? నీకు కొత్త బండి వస్తా ఉంది గదా."

"నా సంగతి కాదమ్మా. కొత్తదిచ్చినా తోల్తా, ఇంటికి పొమ్మన్నా పోతా. బండిని కోసేస్తే ఆ పిల్లోడు ఏడికి పోతాడు?"

"ఏ పిల్లోడు?"

మెకానిక్కు కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు నేల చూస్తూ చెప్పాడు.

అంతకుముందు ఒక వానాకాలంలో, ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి దిగిన కాంట్రాక్టు కూలీ ఒకడు లోపలి ఆవిరికి పడిపోయాడు. అది నాకూ తెలుసు, అందరికీ తెలుసు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేలోపల పోయాడని విన్నాం. తీసుకెళ్లింది ఈ వ్యానులోనని మాత్రం నేను గమనించలేదు.

"ఆ పొద్దు అంబులెన్సు లేదు. ఈ బండిలో యెనక సీట్లో కూర్చోబెట్టినాం. పడుకోమంటే వద్దన్నాడు, ఊపిరి ఆడదని కిటికీ పక్కన ఆనుకున్నాడు. ఇంకెవరూ రాలేదమ్మా. కాంట్రాక్టరు మనిషి 'నువ్వు పో, నేను యెనకనే వస్తా' అన్నాడు. యాడొచ్చినాడు? రైలు గేటు కాడికి పోయేసరికి గేటు పడిపోయింది. గూడ్సు బండి. అది నిలబడే పోయింది, కదలదు. నేను వాణ్ణి మాట్లాడిస్తా ఉండాను, నిద్రపోకూడదని. మీదే ఊరప్పా అంటి. చెప్పలేదు. అన్నా, ఈడనే దించెయ్ అన్నాడు. తెలుగులోనే అన్నాడమ్మా. నేను, ఆసుపత్రి వచ్చేస్తది, గమ్మునుండప్పా అంటి. మళ్లీ అదే. ఈడనే దించెయన్నా, నేను పోతా. మళ్లీ మళ్లీ అదే అడిగినాడు. నేను దించలేదు. ఎట్ల దించేది? గేటు లేచేసరికి అడగటం మానేసినాడు."

షెడ్డు రేకు మీద వాన.

"పేరేంది అన్నా?" అన్నాను.

"అదే ఆసుపత్రిలో అడిగినారు. నాకేం తెలుసు? ఫ్యాక్టరీ గేటులో కూలీలకు పేర్లు రాయరు, ఇత్తడి బిళ్ల ఇస్తారు. ఆ బిళ్ల చూపించినా. మర్నాటి పొద్దునకి ఆ బిళ్ల ఇంకొకడి మెడలో ఉండాది. కాంట్రాక్టరు మళ్లీ రానేలేదు. వాడు మాత్రం దిగలేదమ్మా. ఈడనే ఉండాడు. దించమని అడిగినోణ్ణి దించకుండా, ఇప్పుడు వాడితోసహా కోస్తారా?"

నేను దేవుళ్లనూ దయ్యాలనూ పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పటికీ కాదు. కానీ ఆ సీటు వెచ్చదనం నా అరచేతిలోనే ఉంది. "సీట్లు బిగించండి," అన్నాను. "వెలుగుండగానే ఆ గేటు దాకా పోయొద్దాం."

మెకానిక్కు స్పానరు తీసుకుంటూ, "మేనేజరు అడిగితే ఏం చెబుతావక్కా? ఒకాయన్ని దించను పోయినాం అనా?" అన్నాడు. గొంతులో వెక్కిరింత ఉంది, చేతులు మాత్రం తొందరపడుతున్నాయి.

"ట్రయల్ అని చెబుతా. నువ్వు బిగించు."

సీట్లూ, తీసిన సామానంతా తిరిగి బిగించి, ముగ్గురం ముందే ఇరుక్కుని కూర్చున్నాం. ఎవరూ వెనక కూర్చుంటామనలేదు. ఉప్పు మళ్ల పక్కనుంచి వెళుతుంటే నీళ్లలో మబ్బు ఎరుపు కనిపించింది. డ్రైవరు గుంతల దగ్గర ఎంతో నెమ్మదిగా దించి ఎక్కించాడు, లోపల ఒంట్లో బాగాలేని మనిషి ఉన్నట్టు. అద్దంలోకి చూడకూడదని నేను రోడ్డు మీదే కళ్లు పెట్టుకున్నాను. ఆయన మాత్రం చూస్తూనే ఉన్నాడు.

మేం వెళ్లేసరికి గేటు పడి ఉంది. ముందు ఒక సైకిలు, వెనక ఒక లారీ. దూరంగా గూడ్సు కూత వినిపించింది. డ్రైవరు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క తలుపు బాగా తెరిచాడు. మెకానిక్కు దిగి వెనక చక్రం దగ్గర, రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను మెట్టు పక్కన ఉన్నాను.

"అప్పా," అన్నాడు డ్రైవరు, లోపలికి చూస్తూ. షిఫ్టు వాళ్లను రోజూ పిలిచే గొంతే. "గేటు వచ్చింది. దిగుతానంటివే. ఆ పొద్దు దించలేదని మనసులో పెట్టుకోవాకప్పా. దిగు. నిదానంగా దిగు. మెట్టు జారుతుంది."

గూడ్సు వచ్చేసింది. నేల అదిరింది. ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి. ఆ మోతలో మెకానిక్కు చెయ్యి నేను చూశాను. రేకు మీద ఆనించిన చెయ్యి, దానంతట అది, కొంచెం పైకి లేచింది. బస్సులోనుంచి బరువైన మనిషి దిగితే బండి ఊపిరి పీల్చినట్టు లేస్తుందే, అలాగ. అతను చెయ్యి లాక్కుని చొక్కాకు తుడుచుకున్నాడు.

గేటు లేచింది. సైకిలు వెళ్లిపోయింది. వెనక లారీవాడు హారను మోగించి తిట్టాడు. డ్రైవరు తలుపు మూశాడు.

తిరిగొచ్చి బండిని పలక మీద నిలబెట్టాం. ముసలాయన కిటికీలోనుంచి ముల్లు చూసి, రేకు మీది అంకె చూసి, తల ఊపాడు. "ఎరంగియాచ్చా? దిగినారా? సరి, పోండి."

షెడ్డుకు తిరిగొస్తూ మెకానిక్కు తనే ఒక దారి కనిపెట్టాడు. "అక్కా, పొద్దున నేను బండి కింద తుప్పు గోకినాను. డోరు కింద బొక్కలు మూసుకుపోయి ఉండె. లోపల వాన నీళ్లు నిలిచుంటాయి. దారిలో కారిపోయింటాయి."

"ఒక మనిషంత నీళ్లా?"

అతను నా వైపు చూడకుండా అన్నాడు. "మనిషిలో ఉండేదీ నీళ్లే గదక్కా."

మర్నాడు పొద్దున నేను ఇనుము లారీ వాళ్లకు టీ ఇప్పించి, ఫ్యాక్టరీ గేటు దగ్గరే కూర్చోబెట్టాను. మేనేజరును బతిమాలి ఇంకొక్క ట్రయల్ చేయించాను. ఆయన కూడా వ్యానులో కూర్చున్నాడు. మూటల్లో ఒక్కటీ పడలేదు. బండి ఆ మాధవరం వ్యానులాగే, అంతకన్నా తేలిగ్గా వెళ్లింది. నిండా జనంతో, తలకు ఇంత అని వేసి చూస్తే మా బళ్లన్నిటిలోకీ అదే గెలిచింది. మేనేజరు మురిసిపోయాడు.

"ఏం చేశారండీ దీన్ని?"

"నీళ్లు తీసేసినాం సార్," అన్నాడు మెకానిక్కు, నేను నోరు తెరవకముందే.

ఇనుము లారీ ఖాళీగా వెళ్లింది. ఆ వ్యాను ఇంకా కొన్నేళ్లు పాల కాలనీ జనాన్ని మోసింది. డ్రైవరు రిటైరయ్యేదాకా దాన్నే తోలాడు. శుక్రవారం కర్పూరం ముందొక్కటే వెలిగించేవాడు.

ఇక్కడిదాకా అయితే మెకానిక్కు మాటే నిజమని మీకు చెప్పి ఊరుకునేదాన్ని. నీళ్లే. బండ్లలో నీళ్లు నిలవడం మామూలే. కానీ గేటు దగ్గరికి వెళ్లొచ్చిన సంగతి మేం ముగ్గురం ఎవరికీ చెప్పలేదు. ట్రయల్ అయిన మర్నాడు పొద్దున నేను మళ్లీ వ్యానెక్కాను, తలకాయల లెక్క సరిచూద్దామని. క్యాంటీన్ ఆవిడ వెనక వరసలో కిటికీ పక్కన కూర్చుని, హాయిగా పూలు కట్టుకుంటోంది.

"ఆడ కూర్చున్నావే," అన్నాను.

ఆవిడ దారం పళ్లతో కొరికి, మామూలుగా చెప్పింది. "ఈ పొద్దు కాళీగా ఉండాది గదక్కా."

కాబట్టి బంగారూ, మీ నాన్నకు చెప్పు. కారు కొనేముందు ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టుకోమను. ఆ సైజులో నాలుగు రకాలు తోలి చూడమను. టైర్లలో గాలి సరిగా పెట్టించమను. డిక్కీలో పనికిరాని సామాను వేసుకుని తిరగొద్దను, ప్రతి బరువుకూ పెట్రోలు కావాలి. దారిలో ఎవరినైనా ఎక్కించుకుంటే, ముందు వాళ్ల పేరు అడగమను.

నేను అడిగాను. ఇది మాత్రం డ్రైవరుకూ చెప్పలేదు, మెకానిక్కుకూ చెప్పలేదు. ఆ గేటు దగ్గర, తలుపు తెరిచి ఉండగా, నా భుజం పక్కనుంచి తడి గుడ్డల వాసన ఒకటి మెట్టు దిగింది. కాస్త పక్కకు జరిగి దారిచ్చాను. బస్సులో ఎవరికైనా ఇస్తాం కదా, అలాగే. అప్పుడే అడిగాను. సరిగ్గా అప్పుడే గూడ్సు మోత మీదపడింది. ట్యాంకు వెనక ట్యాంకు, ఎంతకీ తరగలేదు. అతను ఏమైనా చెప్పాడో లేదో ఆ మోత కిందే పోయింది. చివరి పెట్టె దాటాక వానా, ఉప్పు మళ్లూ తప్ప అక్కడ ఏమీ లేదు.

నీ పేరేందప్పా?